పెద్దాయన అడిగిన మూడు ప్రశ్నలు

ఎమిరేట్స్‌లోని ఫుజైరా రేవు పక్కన చమురు ట్యాంకుల ఆవరణకు కాపలా కాసే నలుగురు తెలుగువాళ్ళు ఒకే గదిలో ఉండేవారు. నలుగురూ భారత సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళే. పదిహేడేళ్ళో ఇరవై రెండేళ్ళో తుపాకీ పట్టి, నలభై ఏళ్ళ ప్రాయంలో ఇంటికి చేరి, పిల్లల చదువులకు పెన్షను చాలక మళ్ళీ యూనిఫాం వేసుకున్నారు. హబ్షాన్ నుంచి ఎడారి దాటి వచ్చే పైపులైను 2012లో మొదలయ్యాక, అబుదాబీ చమురులో కొంత భాగం హోర్ముజ్ జలసంధి వైపు పోనక్కర లేకుండా ఫుజైరాలోనే ఓడలెక్కసాగింది. ట్యాంకులు పెరిగాయి. వాటితోపాటు గేట్లూ, గేట్లతోపాటు కాపలాదార్లూ పెరిగారు. నలుగురూ అలా వచ్చి ఆ గదిలో కలిశారు.

ఒకరు హవల్దారు, ఒకరు నాయక్, ఒకరు సిపాయి, ఒకరు మిలిటరీ డ్రైవరు. ఎవరి పేరు ఏదైనా ఆ గదిలో వాళ్ళ పిలుపులు అవే. నలుగురికీ నాలుగు బాధలుండేవి. హవల్దారుకు నడుము పట్టేసేది. నాయక్‌కు మెట్లు దిగితే మోకాలు కలుక్కుమనేది. సిపాయికి రక్తపోటు, ఉదయం మాత్ర వేసుకోకపోతే కళ్ళు తిరిగేవి. డ్రైవరుకు కాలులో స్టీలు ప్లేటు ఉండేది. పన్నెండు గంటలు గేటు దగ్గర నిలబడి వచ్చిన రాత్రి గదిలో జండూబామ్ వాసన తప్ప మరో వాసన ఉండేది కాదు.

సైన్యంలో దెబ్బ తిన్నవాళ్ళకు డిజేబిలిటీ పెన్షను ఉంటుందని నలుగురికీ తెలుసు. కానీ దాన్ని నలుగురూ నాలుగు రకాలుగా అర్థం చేసుకున్నారు. హవల్దారు దాన్ని దానం అనుకున్నాడు. దెబ్బకు ధర కట్టించుకునే బుద్ధి తనకు లేదని అందరితో అనేవాడు. సిపాయి దాన్ని తలరాత అనుకున్నాడు. తనకు రాదని ఒకసారి ఉత్తరం వచ్చింది కాబట్టి ఇక రాదని ఊరుకున్నాడు. డ్రైవరు దాన్ని లాటరీ అనుకున్నాడు. సరైన ఏజెంటు దొరికితే ఎవరికైనా తగులుతుందని అతని లెక్క. నాయక్‌కు అసలు ఏ ఆలోచనా లేదు. అతనికి ఆ పెన్షను కొద్దో గొప్పో వస్తూనే ఉంది. బ్యాంకులో పడిన డబ్బు సర్కారు లెక్క కట్టి వేసిందే కదా, తక్కువెందుకు వేస్తుందని అతని నమ్మకం.

కొన్నేళ్ళకు ఆ గదికి ఐదో మనిషి వచ్చాడు. సికింద్రాబాదులోని ఒక రికార్డు ఆఫీసులో ఏళ్ళ తరబడి క్లర్కుగా పనిచేసి సుబేదారుగా దిగిపోయిన పెద్దాయన. కంపెనీలో హాజరు పట్టీలు రాసే పని. మాట తక్కువ. కళ్ళజోడు మెడలో వేలాడేది. నలుగురూ ఆయన్ని సాబ్ అని పిలిచారు.

నవంబరు వచ్చింది. పెన్షను తీసుకునేవాళ్ళు తాము బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల అది. దుబాయ్‌లోని భారత కాన్సులేట్ వాళ్ళ చేత సంతకం చేయించుకోవడానికి నలుగురూ తమ కాగితాలు బయటికి తీశారు. ఫారాలు నింపే పని పెద్దాయన మీద పడింది. ఫారంలో రాయాల్సిన నంబరు పెన్షను ఆర్డరులో, అంటే పీపీవోలో ఉంటుంది. నాయక్ తన పీపీవో ఇచ్చాడు. పెద్దాయన నంబరు రాసి ఊరుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. ఆ తరువాత నాయక్‌ను మూడు ప్రశ్నలు అడిగాడు.

సైన్యంలో చేరిన రోజున ఒంటి గురించి ఏం రాశారు అన్నది మొదటిది. దెబ్బ తగిలినప్పుడు ఎక్కడ ఉన్నాడు, ఏ పని మీద ఉన్నాడు, దాన్ని ఎవరు రాశారు అన్నది రెండోది. సైన్యం వదిలిన రోజున మెడికల్ బోర్డు ఎంత శాతం అంది, ఎందుకంది అన్నది మూడోది. నొప్పి ఎంత ఉందని మాత్రం పెద్దాయన అడగలేదు. ఆ మాట అడగనందుకు నాయక్‌కు కొంచెం కష్టంగా కూడా అనిపించింది.

నాయక్ జవాబులు తేలిగ్గానే దొరికాయి. చేరినప్పుడు కాళ్ళు రెండూ బాగున్నాయి. కొండల్లో గస్తీకి పోతూ మంచు మీద జారిపడ్డాడు. కంపెనీ కమాండరు ఆ రోజే ఇంజురీ రిపోర్టు రాయించాడు. పదిహేడేళ్ళ సర్వీసు పూర్తయి 2011లో దిగిపోయేటప్పుడు మెడికల్ బోర్డు అతని మోకాలికి ఇరవై శాతం వైకల్యం ఉందని, అది సైనిక సేవ వల్లనే వచ్చిందని రాసింది. ఇరవైకి తగ్గకూడదు, సేవ వల్ల వచ్చి ఉండాలి లేదా సేవ వల్ల ముదిరి ఉండాలి. నిబంధనలు అడిగే షరతులు అవే. అవి రెండూ నెరవేరాయి కాబట్టి ఇరవై శాతానికి డబ్బు వస్తోంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదని పెద్దాయన చెప్పాడు. వైకల్యాన్ని ఒకటి రెండు శాతాల తేడాలతో కొలవడం కష్టమని, 1996 నుంచి ఒక పద్ధతి వచ్చింది. యాభై లోపు ఎంత ఉన్నా యాభైగా, యాభై నుంచి డెబ్భై ఐదు దాకా ఉంటే డెబ్భై ఐదుగా, ఆపైన ఉంటే నూరుగా లెక్కగట్టాలి. మొదట్లో దీన్ని ఒంట్లో బాగోలేక మధ్యలో ఇంటికి పంపినవాళ్ళకే ఇచ్చేవారు. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్ళకు లేదనేవారు. దెబ్బ తిన్నా పని మానకుండా చివరిదాకా నిలబడ్డవాడికి తక్కువ ఇవ్వడం ఏమిటని ఎందరో కోర్టుకెక్కారు. రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇద్దరికీ ఒకటే లెక్క అని తేల్చింది.

పెద్దాయన అట్టముక్క మీద లెక్క వేసి చూపించాడు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో ముప్ఫై శాతం ఇస్తారు. జీతం 50,000 అనుకుంటే అది 15,000. ఇరవై శాతానికి అందులో ఐదో వంతు, అంటే 3,000. అదే యాభైగా లెక్కిస్తే 7,500. నాయక్ ఆ అట్టముక్కను చాలాసేపు చేతిలోంచి దించలేదు. అంతకు ముందు ఏనాడూ తన పీపీవోను రెండో పేజీ దాకా తిప్పలేదు. రికార్డు ఆఫీసుకు అర్జీ పంపాడు. ఊళ్ళో భార్య జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తిరిగింది. నెలలు పట్టింది. చివరికి సవరించిన పీపీవో వచ్చింది.

ఆ ముచ్చట చూసి సిపాయి తన ట్రంకు పెట్టె అడుగునుంచి ఒక ఉత్తరం తీశాడు. నాలుగేళ్ళ నాటి ఉత్తరం, మడతల దగ్గర చిరిగిపోయింది. అతని రక్తపోటుకు బోర్డు ముప్ఫై శాతం వైకల్యం రాసింది. కానీ అది సైనిక సేవ వల్ల రాలేదని, సేవ వల్ల ముదరలేదని కూడా రాసింది. జబ్బు బయటపడిన నాటికి అతను సరిహద్దులో లేడు, ప్రశాంతమైన కంటోన్మెంటులో ఉన్నాడన్నది అందులో చూపిన కారణం. కాబట్టి పెన్షను ఇవ్వలేమని ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉంది. ఇంగ్లీషు ఉత్తరం కాబట్టి సిపాయి ఎవరిచేతనో చదివించుకున్నాడు. చదివినవాడు మొదటి వాక్యం చదివి, పెదవి విరిచి, ఉత్తరం తిరిగి ఇచ్చేశాడు.

పెద్దాయన చివరి పేరా చదివాడు. ఈ నిర్ణయం నచ్చకపోతే ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చని అందులో ఉంది. ఆ మాట నాలుగేళ్ళుగా ట్రంకు పెట్టెలో పడి ఉంది.

మళ్ళీ అవే మూడు ప్రశ్నలు వచ్చాయి. చేరిన రోజున డాక్టర్లు అతన్ని పూర్తి ఆరోగ్యవంతుడని రాసి తీసుకున్నారు. రక్తపోటు మాట ఎక్కడా లేదు. జబ్బు బయటపడింది కంటోన్మెంటులోనే అయినా, అంతకు ముందు ఏళ్ళ తరబడి జమ్మూకాశ్మీరులో నిద్ర లేని డ్యూటీలు చేశాడు. సేవకు సంబంధం లేదన్న బోర్డు, మరి ఆ జబ్బు ఎలా వచ్చిందో ఒక్క ముక్క రాయలేదు.

అప్పుడు పెద్దాయన సిగ్నల్స్ కోర్‌లో పనిచేసిన ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి సంగతి చెప్పాడు. అతను 1985లో చేరాడు. మూర్ఛ వస్తోందని 1994లో ఇంటికి పంపారు. పుట్టుకతో వచ్చే తత్వం వల్ల వచ్చిన జబ్బు, సేవతో సంబంధం లేదని పెన్షను ఆపారు. సుప్రీంకోర్టు 2013 జులైలో తీర్పు చెప్పింది. చేరేటప్పుడు ఏ జబ్బూ రాయకపోతే సిపాయి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తరువాత వచ్చిన జబ్బుకు సేవతో సంబంధం లేదని నిరూపించే బరువు సర్కారుదే, సిపాయిది కాదు. అనుమానం మిగిలితే దాని లాభం సిపాయికే చెందాలి. బోర్డు కాదంటే కారణం రాయాలి. 1982 నాటి నిబంధనలకు కోర్టు చెప్పిన అర్థం అది. తరువాత వచ్చిన ఎన్నో కేసుల్లో కోర్టులు ఆ తీర్పునే పట్టుకున్నాయి.

సిపాయి అప్పీలు రాశాడు. ఆలస్యం ఎందుకైందో కూడా రాశాడు. మొదటి అప్పీలు తిరస్కరించారు. రెండోదీ తిరస్కరించారు. పాత అలవాటు ప్రకారం అతను మళ్ళీ ట్రంకు పెట్టె వైపు చూశాడు. పెద్దాయన ఆ తిరస్కరణ ఉత్తరాలను కవరులో పెట్టి, అవి లేకుండా పై మెట్టు ఎక్కనివ్వరని చెప్పాడు. 2007 నాటి చట్టంతో ఏర్పడ్డ సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే, కింద ఉన్న తలుపులన్నీ తట్టి వచ్చానని చూపాలి. ఆంధ్ర, తెలంగాణ వాళ్ళు వెళ్ళాల్సింది చెన్నై బెంచికి. సిపాయి ఫుజైరా నుంచే కాగితాల మీద సంతకాలు పెట్టి పంపాడు. మిగతా తిరుగుడు తమ్ముడు తిరిగాడు.

ట్రిబ్యునల్ అతని పక్షాన తీర్పు ఇచ్చింది. ముప్ఫై శాతాన్ని యాభైగా లెక్కించమంది. బకాయిలు మాత్రం అర్జీ పెట్టడానికి ముందు మూడేళ్ళవే ఇచ్చింది. అంతకు ముందు ఏళ్ళు పోయాయి. ఆ లెక్కకూ ఒక సిపాయి కథ ఉంది. తర్సేమ్ సింగ్ అనే అతన్ని 1983లో ఒంట్లో బాగోలేదని ఇంటికి పంపితే, అతను 1999లో కోర్టు మెట్లెక్కాడు. పెన్షను అన్నది నెలనెలా వచ్చే హక్కు కాబట్టి ఆలస్యమైందని కేసు కొట్టేయకూడదు, కానీ పదహారేళ్ళు ఊరుకున్నందుకు పాత బకాయిలన్నీ ఇవ్వకూడదు అని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. నిద్రపోయినవాడి హక్కు చావలేదు గాని, నిద్రపోయిన కాలానికి కూలి దొరకలేదు.

ఇక డ్రైవరుకు హుషారొచ్చింది. పడుకున్న హక్కే లేచి వచ్చిందంటే తన కాలులోని ప్లేటుకు తిరుగుండదనుకున్నాడు. పెద్దాయన అతన్నీ అవే మూడు ప్రశ్నలు అడిగాడు. చేరినప్పుడు కాళ్ళు బాగున్నాయి. దిగిపోయేటప్పుడు బోర్డు నలభై శాతం రాసింది. నలుగురిలోకీ పెద్ద అంకె అతనిదే. రెండో ప్రశ్న దగ్గర మాత్రం డ్రైవరు నసిగాడు. సంక్రాంతికి సెలవు మీద ఊరొచ్చి, భీమవరం దగ్గర కోడిపందేలు చూసి తిరిగి వస్తూ మోటారుసైకిలు మీంచి పడ్డాడు. పండగ నాడు సెలవులో ఉన్నా తాను సైనికుడే కదా అన్నది అతని వాదన.

పెద్దాయన అడ్డంగా తల ఊపాడు. సెలవులో ఉన్నవాడికి జీతం వస్తుంది, సెలవూ సర్వీసు కిందే లెక్క. కానీ దెబ్బకూ సైనికుడి పనికీ ఏదో ఒక లంకె కనిపించాలి. సెలవులో స్కూటరు ప్రమాదానికి గురైన జుఝార్ సింగ్ అనే సైనికుడి కేసులో 2011లో సుప్రీంకోర్టు ఆ లంకె లేదనే పెన్షను కాదంది. యూనిట్ నుంచి నేరుగా ఇంటికి పోయే దారిలోనో, ఇంటి నుంచి నేరుగా యూనిట్‌కు తిరిగి వచ్చే దారిలోనో దెబ్బ తగిలితే నిబంధనలు ఒప్పుకుంటాయి. కోడిపందేల బరి నుంచి ఇంటికి వచ్చే దారి అందులోకి రాదు.

డ్రైవరు దీన్ని అసూయ అనుకున్నాడు. ఊరి పక్క పట్నంలో ఒక ఏజెంటు ఉన్నాడు. వచ్చే డబ్బులో మూడో వంతు ఇస్తానంటే పని చేసిపెడతానన్నాడు, ముందు కొంత పుచ్చుకున్నాడు. యూనిట్‌కు తిరిగి పోతుండగా పడ్డానని రాయమని సలహా కూడా ఇచ్చాడు. డ్రైవరు అలాగే రాశాడు. కానీ ఆస్పత్రిలో చేరిన తేదీ ఒక కాగితంలో ఉంది, సెలవు ముగిసే తేదీ మరో కాగితంలో ఉంది. రెంటికీ మధ్య పది రోజుల తేడా ఉంది. పది రోజుల ముందే యూనిట్‌కు ఎందుకు బయలుదేరాడో చెప్పమని జవాబు వచ్చింది. ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. డ్రైవరు మామూలు సర్వీసు పెన్షనుకు ఏ ముప్పూ రాకపోవడమే మేలని ఊరుకున్నాడు. ముందు ఇచ్చిన డబ్బు రెండు నెలల జీతం.

ఇదంతా జరుగుతున్నంత కాలం హవల్దారు గోడవైపు తిరిగి పడుకునేవాడు. అర్జీలు రాసేవాళ్ళను చూసి నవ్వేవాడు. సిపాయికి గెలిచిన కబురు వచ్చిన రోజు మాత్రం నవ్వలేదు. ఆ వారంలోనే ఒక రాత్రి, మిగతావాళ్ళు డ్యూటీలో ఉండగా, తన డిశ్చార్జి బుక్కు తెచ్చి పెద్దాయన ముందు పెట్టాడు.

పెద్దాయన ఒక్కో పేజీ తిప్పాడు. చేరినప్పుడు పూర్తి ఆరోగ్యం. దిగిపోయేటప్పుడూ పూర్తి ఆరోగ్యం. మధ్యలో ఇరవై రెండేళ్ళు ఒక జ్వరం తప్ప మరేమీ లేదు. పెద్దాయన తల ఎత్తి, నడుము నొప్పి ఎప్పటిదని అడిగాడు.

అది రాజస్థాన్ ఎడారిలో వచ్చిన నొప్పి. మందుగుండు పెట్టెలు ఎక్కిస్తూ లారీ మీంచి వెల్లకిలా పడ్డాడు. పక్కవాళ్ళు ఎం.ఐ. రూముకు, అంటే యూనిట్ వైద్యుడి దగ్గరికి, తీసుకుపోతామన్నారు. అతను వద్దన్నాడు. అప్పటికి రెండు నెలల్లో ప్రమోషన్ కోర్సు ఉంది. డాక్టరు దగ్గరికి పోతే లో మెడికల్ కేటగిరీ అంటారు, కోర్సు పోతుంది, చేతి మీద మూడో పట్టీ, అంటే హవల్దారు హోదా, దక్కకుండా పోతుంది. పళ్ళు బిగించి ఓర్చుకున్నాడు. సెలవు దొరికాక అప్పటి చిత్తూరు జిల్లా పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకున్నాడు. కోర్సు పాసయ్యాడు. మూడో పట్టీ వచ్చింది. ఆ తరువాత ప్రతి ఏడాదీ జరిగే వైద్య పరీక్షలో ఏ ఇబ్బందీ లేదనే చెప్పాడు. ఆఖరి బోర్డు ముందు కూడా నిటారుగా నిలబడి అదే చెప్పాడు.

నలుగురిలో డ్యూటీ మీద పెద్ద దెబ్బ తిన్నవాడు అతనే. కానీ మూడు ప్రశ్నల్లో రెండోదానికీ మూడోదానికీ అతని దగ్గర కాగితం లేదు. సర్వీసు వదిలాక బయటపడిన జబ్బుకు కూడా అడగవచ్చునని నిబంధనల్లో ఒక దారి ఉంది. అయితే ఆ జబ్బు వేరు సైన్యంలోనే పడిందని వైద్యులు ఆధారంతో తేల్చాలి. ఆ ఆధారాన్ని ఏటేటా తన చేత్తో తానే చెరిపేసుకున్నాడు. లారీ పక్కన ఉన్నవాళ్ళు ఎవరు ఎక్కడున్నారో తెలియదు. పుత్తూరు కట్టుకు చీటీ లేదు. పెద్దాయన లేని ఆశ పెట్టలేదు. డిశ్చార్జి బుక్కు మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. హవల్దారు దానికీ కోపం తెచ్చుకోలేదు. దానం వద్దని ఇన్నాళ్ళూ తాను గర్వంగా చెప్పుకున్న మాట వెనక, అడగడానికి తన దగ్గర ఏమీ లేదన్న సంగతి ఉందని ఆ రాత్రి అతనికి తెలిసింది.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. పేర్లు కొన్ని మారాయి, షరతులు కొన్ని బిగిశాయి. గదిలో మళ్ళీ గందరగోళం మొదలైంది. ఉన్నది పోతుందని నాయక్ భయపడ్డాడు. తనకు కొత్త దారి దొరుకుతుందని డ్రైవరు ఆశపడ్డాడు. ఎవరు ఏ రోజు సైన్యం వదిలారో ఆ రోజున ఉన్న నిబంధనలే వాళ్ళకు వర్తిస్తాయని, కొత్తవి ఆ తేదీ తరువాత దిగిపోయేవాళ్ళకని పెద్దాయన చెప్పాడు. భయమూ తీరింది, ఆశా చల్లారింది. కొన్నాళ్ళకు పెద్దాయన వీసా గడువు ముగిసి సికింద్రాబాదు వెళ్ళిపోయాడు.

ఆ తరువాతి వేసవిలో కరీంనగర్ వైపు నుంచి ఒక కుర్రవాడు కాపలా పనికి కొత్తగా వచ్చాడు. సైన్యంలో పనిచేసినవాడు కాదు. ఊళ్ళో అప్పు చేసి వీసా కొనుక్కున్నాడు. ఒక తెల్లవారుజామున ట్యాంకరు లారీ లోపలికి వస్తుంటే జరిపే ఇనుప గేటుకూ స్తంభానికీ మధ్య అతని చెయ్యి పడింది. కుర్రవాడు కేక కూడా వెయ్యలేదు. చేతికి రుమాలు చుట్టుకుని, ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు. దెబ్బ సంగతి తెలిస్తే కంపెనీ వాళ్ళు ఇంటికి పంపేస్తారని, అప్పు అలాగే ఉండిపోతుందని అతని భయం. డ్యూటీ మారే వేళకు హవల్దారు వచ్చాడు. రిజిస్టరు అప్పగిస్తూ కుర్రవాడు ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. హవల్దారు ఆ సంతకం చూశాడు, జేబు వైపు చూశాడు.

కుర్రవాడు బతిమాలాడు. సాయంత్రం గదికి పోయి కట్టు కట్టుకుంటానన్నాడు. ఆ మాట హవల్దారు ఒకప్పుడు రాజస్థాన్‌లో తానే అన్నాడు. అతను కుర్రవాడిని కుర్చీలో కూర్చోబెట్టి, గేటు రిజిస్టరు తెరిచి, ఏ సమయానికి, ఏ గేటు దగ్గర, ఏ లారీ వస్తుండగా దెబ్బ తగిలిందో రాశాడు. లారీ డ్రైవరు పాకిస్తానీ. అతన్ని పిలిచి సాక్షిగా సంతకం పెట్టించాడు. ఆ పేజీని ఫోనులో ఫొటో తీశాడు. సూపర్‌వైజరును నిద్రలేపి కంపెనీ బండి తెప్పించి, కుర్రవాడిని ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చీటీలో డ్యూటీలో తగిలిన దెబ్బ అన్న మాట పడేదాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు.

రెండు వేళ్ళ ఎముకలు విరిగాయి. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం పనిలో తగిలిన దెబ్బకు వైద్యం ఖర్చు యజమానిదే. కోలుకునేదాకా ఆరు నెలల వరకు పూర్తి జీతం, అప్పటికీ కోలుకోకపోతే మరో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. వైకల్యం మిగిలితే వైద్యులు శాతం తేలుస్తారు, ఆ శాతాన్ని బట్టి పరిహారం. ప్రాణమే పోతే ఇచ్చేది 24 నెలల మూల వేతనం, 18,000 దిర్హాములకు తగ్గకుండా, 2,00,000 దాటకుండా. శాతం మాట వినగానే గదిలో నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దేశం వేరు, చట్టం వేరు, ఇక్కడా అడిగేవి ఆ ప్రశ్నలే.

కుర్రవాడిని ఎవరూ ఇంటికి పంపలేదు. జీతం ఆగలేదు. ఒక వేలు మాత్రం పూర్తిగా ముడుచుకోలేదు, దానికి డాక్టర్లు రాసిన శాతానికి డబ్బు వచ్చింది. అప్పులో కొంత తీరింది. ఆ తరువాత ఆ గేటు దగ్గర ఎవరికి గీరుకున్నా, ఎవరు కాలు జారి పడ్డా హవల్దారు ముందు రిజిస్టరు తీసేవాడు, తరువాతే దూది తీసేవాడు. కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు మొదట్లో అతన్ని చాదస్తుడన్నారు. అతను వాళ్ళకు తన నడుము కథ చెప్పలేదు. కాగితం చూపించి, సంతకం పెట్టమనేవాడు.

నీతి: గాయం ఒంటికి తగులుతుంది, పరిహారం కాగితానికి వస్తుంది, ఆ రెంటికీ ముడి గాయమైన రోజునే పడాలి. గర్వం ఆ ముడి వెయ్యనివ్వదు, నిరాశ వేసిన ముడిని చూడనివ్వదు, దురాశ లేని ముడి వెయ్యబోతుంది, నిశ్చింత ముడి ఎంత విలువైనదో లెక్క చూసుకోనివ్వదు. తనకు రావలసినది ఏమిటో చివరి వాక్యం దాకా చదివి తెలుసుకున్నవాడు ఎవరి దయా అడగనక్కర లేదు, ఎవరినీ మోసం చెయ్యనక్కరా లేదు.